తెల్ల మచ్చ కనిపించాక: ఒక పీహెచ్‌సీ పరిధిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ కేసు

తెలంగాణలో జిల్లా కేంద్రానికి దూరంగా, పత్తి ఎక్కువగా పండే ఒక పీహెచ్‌సీ పరిధిలో జరిగిన పని ఇది. ఊళ్లు, మనుషులు గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం. ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. ఒక బ్యాగులో పట్టే పరికరాలు ఊళ్లకు చేరాయి, పరీక్షలు జరిగాయి, అంకెలు రిపోర్టుకు ఎక్కాయి. అయినా మొదటి విడతలో కొందరు ఆడవాళ్లకు మేలుకు బదులు కీడే జరిగింది. ఆ కీడు ఏ దారిన వచ్చిందో, దాన్ని ఎక్కడ అడ్డుకోగలిగామో ఇలాంటి క్యాంపులు నడిపేవాళ్లకు ఉపయోగపడుతుంది.

నేపథ్యం

2022లో మన దేశంలో 1,27,000 మందికి పైగా ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చిందని, దాదాపు 80 వేల మంది చనిపోయారని ప్రపంచ క్యాన్సర్ లెక్కలు వేసే గ్లోబోకాన్ అంచనా. హెచ్‌పీవీ వైరస్ సోకి వదలకుండా ఉండిపోతే, అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల పైనే పడుతుంది. అన్నేళ్ల వ్యవధి ఉన్నా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం 30–49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు 1.9 శాతమే.

కేంద్రం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకు ఐదేళ్లకోసారి వీఐఏ చేయాలి. అంటే 5 శాతం అసిటిక్ యాసిడ్‌తో గర్భాశయ ముఖద్వారాన్ని తడిపి, ఒక నిమిషం ఆగి కంటితో చూడటం. కణాలు మారిన చోట తెల్ల మచ్చ తేలుతుంది, దాన్నే పాజిటివ్ అంటారు. పద్ధతిలో దమ్ముంది. తమిళనాడు దిండిగల్ జిల్లాలో జరిగి 2007లో అచ్చయిన అధ్యయనంలో వీఐఏ వల్ల ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయి. ముంబై బస్తీల్లో డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలే చేసినా 31 శాతం తగ్గాయని 2014లో తేలింది. కాబట్టి ఏఎన్‌ఎం చేయగల పరీక్షేనా అన్న అనుమానం మాకు మొదటి నుంచీ లేదు.

మన రెండు రాష్ట్రాలకు మరో నేపథ్యం కూడా ఉంది, దాన్ని పక్కన పెట్టి ఇక్కడ స్క్రీనింగ్ గురించి మాట్లాడలేం. 2015–16 ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-4 ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట, నడుం నొప్పి, ముట్టు ఎక్కువ కావడం, ఏదైనా సరే చివరికి “తీసేయించుకుంటే పీడా పోతుంది” అన్న మాట దగ్గరికే చేరే ఊళ్లు మనవి.

ఎదురైన సమస్య

మొదటి విడత అందరూ చేసినట్టే జరిగింది. ఆశాలు ఇంటింటికీ తిరిగి 30 దాటినవాళ్ల జాబితా రాశారు. ఉపకేంద్రంలో మడత మంచం, టార్చి లైటు, యోనిని తెరిచి ఉంచే స్పెక్యులమ్‌లు, యాసిడ్ సీసా, దూదితో ఏఎన్‌ఎంలు వీఐఏ చేశారు. తెల్ల మచ్చ కనిపించిన వాళ్లకు ఒక చీటీ ఇచ్చారు. దాని మీద ఇంగ్లీషులో వీఐఏ పాజిటివ్, జిల్లా ఆసుపత్రిలో బయాప్సీకి (చిన్న ముక్క తీసి ల్యాబులో చూసే పరీక్షకు) పంపుతున్నాం అని రెండు ముక్కలు ఉండేవి.

కొన్ని నెలల తర్వాత ఆశాలు ఆ జాబితా పట్టుకుని మళ్లీ ఇళ్లకు వెళ్లినప్పుడు అసలు సంగతి బయటపడింది. పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది జిల్లా ఆసుపత్రి గడప తొక్కలేదు. కొందరు మాత్రం పట్నంలోని ప్రైవేటు నర్సింగ్‌హోముల్లో గర్భసంచి తీయించుకున్నారు.

వాళ్లలో ఒకామెను తీసుకుందాం. నలభైకి లోపు వయసు, ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది, పత్తి ఏరే కూలి. అప్పటికే తెల్లబట్ట బాధ ఉంది. చీటీ చదివించుకోవడానికి ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లింది. “పెద్ద దవాఖానకు పోతే తిప్పుతరు, లేట్ అయితది” అని ఆయన తనకు తెలిసిన చోటికి పంపాడు. అక్కడ స్కానింగ్ చేసి, గర్భసంచికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందన్నారు. వారం తిరక్కుండా ఆపరేషన్. ముందు బయాప్సీ తీయలేదు, తీసిన గర్భసంచిని పరీక్షకూ పంపలేదు. అండాశయాలు కూడా తీసేశారు. వడ్డీకి తెచ్చిన అప్పు మిగిలింది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కీళ్ల నొప్పులు మొదలయ్యాయి. ఏ జబ్బుకు ఆపరేషన్ జరిగిందో ఆమెకే కాదు, మాకూ తెలిసే దారి లేకుండా పోయింది.

వైద్యపరంగా ఇందులో రెండు తప్పులున్నాయి. మచ్చ ఉత్త వాపు వల్లనో, మామూలు కణాల మార్పు వల్లనో వచ్చి ఉంటే ఆపరేషనే అనవసరం. లోపల నిజంగా క్యాన్సర్ ఉండి ఉంటే మామూలుగా గర్భసంచి తీసేయడం (హిస్టరెక్టమీ) దానికి సరైన ఆపరేషన్ కాదు. అలా సగం చేసిన ఆపరేషన్ తర్వాతి చికిత్సను మరింత కష్టం చేస్తుంది. ఎటు చూసినా బయాప్సీ లేకుండా గర్భసంచి తీయకూడదు. కానీ ఆమెను ఆ దారిలోకి పంపింది మా చీటీయే. ఇది తెలిశాక, ఎంతమందిని పరీక్షించాం అన్న లెక్క పక్కన పెట్టి, పాజిటివ్ వచ్చిన ప్రతి మనిషికి చివరికి ఏం జరిగింది అన్న లెక్క మొదలుపెట్టాం.

మొదట ప్రయత్నించినవి, అవి ఎందుకు నిలవలేదు

ముందుగా రిఫరల్‌ను గట్టి చేయాలనుకున్నాం. వారంలో ఒక రోజు ఖాయం చేసి, వాహనం పెట్టి, ఆశాను తోడిచ్చి జిల్లా ఆసుపత్రికి పంపాం. మొదట్లో కొందరు వెళ్లారు, తర్వాత సన్నగిల్లింది. కారణం భయం కన్నా లెక్క. కాల్పోస్కోపీకి (గర్భాశయ ముఖాన్ని పెద్దది చేసి చూసే పరీక్షకు) ఒక రోజు, బయాప్సీ రిపోర్టుకు ఇంకో రోజు, చికిత్స ఉంటే మరో రోజు. అంటే మూడు కూలి దినాలు, తోడు వచ్చేవాళ్లవి మరో మూడు. నొప్పీ బాధా లేని మచ్చ కోసం పత్తి తీత రోజుల్లో ఎవరూ అంత ఖర్చు పెట్టుకోరు. వాళ్ల లెక్క తప్పని మేం అనలేం.

తర్వాత ఫోను అమర్చే చేతి కాల్పోస్కోప్ తెచ్చాం. ఆలోచన సులువుగానే ఉంది. ఫొటో తీసి పట్నంలోని గైనకాలజిస్టుకు పంపితే ఆవిడ చూసి చెబుతారు, అనుమానం ఉన్నవాళ్లే ఆసుపత్రికి వెళ్తారు. ఇది అనుకున్నట్టు నడవలేదు. సిగ్నల్ లేక ఫొటోలు సాయంత్రానికి గానీ చేరేవి కావు, జవాబు వచ్చేసరికి ఆమె ఇంటికి వెళ్లిపోయి ఉండేది. మళ్లీ పిలవాలంటే మళ్లీ అదే కథ. పైగా సగం ఫొటోలు చదవడానికి పనికిరాలేదు. ఫోను తనంతట తాను ఫోకస్ చేసుకునేటప్పుడు మెరిసే స్పెక్యులమ్ అంచును పట్టుకుంటుంది, గర్భాశయ ముఖం మసకబారుతుంది. రంగును తనే సరిచేసుకోవడం వల్ల ఒక ఫొటోలో గులాబీగా ఉన్న పొర ఇంకో ఫొటోలో పాలిపోయినట్టు కనిపిస్తుంది.

అయినా ఆ ఫొటోలు వృథా పోలేదు. గైనకాలజిస్టు, ఏఎన్‌ఎంలు కలిసి కూర్చుని వాటిని ఒక్కొక్కటిగా చూశాక, మా పాజిటివ్‌లు ఎందుకు అంత ఎక్కువగా ఉన్నాయో తెలిసింది. దూరం నుంచి రోగనిర్ధారణకు ఓడిపోయిన పరికరం, పరీక్ష నాణ్యత సరిచేసుకోవడానికి అన్నిటికన్నా బాగా పనికొచ్చింది. అందుకే దాన్ని పక్కన పడేయకుండా వాడుక మార్చాం. ఇప్పుడు ప్రతి పాజిటివ్‌కు మూడు ఫొటోలు: యాసిడ్‌కు ముందు, సరిగ్గా నిమిషానికి, మూడో నిమిషంలో. రంగు సవరణ ఆపేసి, తెరపై గర్భాశయ ముఖం మీద వేలితో తాకి ఫోకస్ ఖాయం చేశాకే తీయాలి. ఫొటోకు పేరుండదు, కోడ్ నంబరే. ఆ ఫోను ఇంకే పనికీ వాడరు, వాట్సాప్ ఉండదు.

తప్పుడు పాజిటివ్‌లు ఎక్కడి నుంచి వచ్చాయి

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే పరికరాల మీద పెట్టే డబ్బంతా ఈ చిన్న విషయాల దగ్గరే కారిపోతుంది.

మొదటిది వెలుతురు. పసుపు టార్చిలో లేత తెలుపు కనిపించదు. మరీ నీలి తెలుపు ఎల్‌ఈడీని ఎదురుగా పెడితే తడి పొర మీద పడిన మెరుపే తెల్ల మచ్చలా అనిపిస్తుంది. తల కొంచెం పక్కకు జరిపి చూస్తే మెరుపు జరుగుతుంది, మచ్చ జరగదు. స్టాండు మీద నిలబడే, రీచార్జి అయ్యే తెల్ల ఎల్‌ఈడీ లైటును చూసేవాళ్ల భుజం మీదుగా వచ్చేలా పెట్టాక ఈ గొడవ చాలావరకు తగ్గింది.

రెండోది యాసిడ్. 95 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 5 మి.లీ. గ్లేషియల్ (పలచన చేయని) అసిటిక్ యాసిడ్ పోసి ఏ రోజుకారోజు కలపాలి. నీళ్లలోకి యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. నిన్న మిగిలినది ఇవాళ వాడకూడదు. గ్లేషియల్ సీసా పీహెచ్‌సీ దాటి రాకూడదన్నది మేం పెట్టుకున్న నియమం. పలచన చేయనిది పొరపాటున వాడితే ఒళ్లు కాలిపోతుంది. క్యాంపు బ్యాగులోకి కలిపిన సీసా మాత్రమే, తేదీ రాసి వస్తుంది.

మూడోది నిమిషం. ముందు పొడి దూదితో తెల్లబట్టను, జిగురును మెల్లగా తుడవాలి. ఆ తర్వాత యాసిడ్‌లో ముంచిన దూదిని గర్భాశయ ముఖానికి ఆనించి గడియారం చూసి పూర్తి 60 సెకన్లు ఉంచాలి. ఆత్రపడి ముందే చూస్తే రెండు రకాలుగా తప్పుతాం. నిజమైన మచ్చ ఇంకా తేలి ఉండదు. వాపు వల్ల వచ్చే పలచటి తెలుపేమో అప్పుడే కనిపించి, నిమిషం తిరక్కుండా కరిగిపోతుంది. పట్టించుకోవాల్సిన మచ్చ పాల మీగడలా మందంగా ఉంటుంది, అంచు గీత గీసినట్టు ఉంటుంది, బయటి పొర లోపలి పొర కలిసే గీతను ఆనుకుని ఉంటుంది, మూడో నిమిషంలోనూ నిలిచి ఉంటుంది. ఆ గీతకు దూరంగా చెదురుమదురుగా ఉన్న తెలుపు, నాబోతియన్ సిస్టుల (జిగురు నిండిన, హాని లేని చిన్న బుడిపెల) మీది పసుపు తెలుపు చుక్కలు, గీత వెంబడి ఉండే సన్నని తెల్లటి దారం పాజిటివ్ కావు.

నాలుగోది కనిపించకపోవడం. ఎక్కువ కాన్పులైన వాళ్లలో యోని పక్క గోడలు స్పెక్యులమ్ రెక్కల మధ్యకు జారి గర్భాశయ ముఖాన్ని మూసేస్తాయి. పెద్ద సైజు స్పెక్యులమ్ వేయడం వల్ల నొప్పి పెరుగుతుందే తప్ప లాభం తక్కువ. కండోమ్ కొన కత్తిరించి, రెండు రెక్కల మీదుగా తొడిగి, ఆ తర్వాత స్పెక్యులమ్ వేస్తే గోడలు ఆగుతాయి. ఉపకేంద్రంలో కండోమ్‌లకు కొదవ ఉండదు కదా.

30 ఏళ్ల లోపు వాళ్లు తెల్లబట్ట అని వస్తే తెల్లబట్టకు చికిత్స చేస్తాం, వీఐఏ చేయం. ఆ వయసులో పొర సహజంగానే మారుతూ ఉంటుంది, హెచ్‌పీవీ చాలావరకు తనంతట తానే పోతుంది. అక్కడ తెల్ల మచ్చ చూపించడమంటే ఇంకో ఆపరేషన్‌కు బాట వేయడమే.

చికిత్సను అదే మంచం దగ్గరికి తేవడం

నాణ్యత సరిచేశాక పాజిటివ్‌లు తగ్గాయి. కానీ మిగిలినవాళ్లను ఏం చేయాలి అన్న ప్రశ్న అలాగే ఉంది. ఇక్కడ తీసుకున్న నిర్ణయమే ఈ కేసులో కీలకం.

అనుమానం వస్తే పైకి పంపడం జాగ్రత్త అని మనందరికీ నేర్పారు. ఈ ప్రాంతంలో ఆ పంపడంలోనే ప్రమాదం ఉంది. ఒక పక్క, అవసరం లేకపోయినా థర్మల్ అబ్లేషన్ (మారిన పొరను వేడితో కాల్చేయడం) చేయించుకున్న ఆడమనిషికి కొన్ని వారాల నీళ్ల తెల్లబట్ట, కాస్త పొత్తికడుపు నొప్పి. ఇంకో పక్క, బయాప్సీ కోసం పంపిన మనిషి నర్సింగ్‌హోము మంచం మీద తేలే అవకాశం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, అబ్లేషన్‌కు అర్హత ఉన్న మచ్చలకు అదే రోజు, అదే గదిలో చికిత్స చేయాలని నిర్ణయించాం. ఏఎన్‌ఎం పాజిటివ్ అన్నాక, శిక్షణ పొందిన వైద్యాధికారి కాల్పోస్కోప్‌తో రెండోసారి చూస్తారు. ఆ చూపు దాటాకే చికిత్స.

ఇంతకుముందు ఈ పనికి క్రయోథెరపీ, అంటే మచ్చను గడ్డకట్టించే చికిత్స, ఉండేది. మనిషంత బరువున్న గ్యాస్ సిలిండరు, మూడు నిమిషాలు గడ్డకట్టించి ఐదు నిమిషాలు ఆగి మళ్లీ మూడు నిమిషాలు గడ్డకట్టించడం, గ్యాస్ నింపించడానికి పట్నం ప్రయాణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో థర్మల్ అబ్లేషన్‌కు మార్గదర్శకాలు ఇచ్చాక, బ్యాటరీతో నడిచే చేతి పరికరమే సరిపోతోంది. దాని కొన (ప్రోబ్) 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది, 20 నుంచి 30 సెకన్లు ఆనిస్తే చాలు.

అర్హతను గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించాం. మచ్చ మొత్తం కనిపించాలి. గర్భాశయ ముఖద్వారం లోపలి కాలువలోకి పోకూడదు. గర్భాశయ ముఖంలో ముప్పావు వంతుకు మించి పరచుకుని ఉండకూడదు. గర్భం ఉండకూడదు. క్యాన్సర్ అనుమానం ఏ కొంచెం ఉన్నా, అంటే పుండు, పువ్వులా పెరిగిన కండ, తాకగానే రక్తం, రక్తనాళాలు వంకరటింకరగా కనిపించడం, ఇవేవి ఉన్నా అబ్లేషన్ చేయకూడదు. అలాంటి వాళ్లను మాత్రం చీటీతో వదిలేయం. అంబులెన్సు పిలిచి, ఆశా తోడుగా, ఆసుపత్రిలో ఎవరిని కలవాలో ముందే ఫోన్ చేసి పంపుతాం.

చేసేటప్పుడు చూసుకోవాల్సినవి: అరగంట ముందు 400 మి.గ్రా. ఐబుప్రోఫెన్. కడుపులో పుండు, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు దాని బదులు పారాసిటమాల్. ప్రోబ్‌ను ద్వారం మధ్యలో ఆనించి, మచ్చ మొత్తం, కణాలు మారే పొర మొత్తం కప్పేలా కావాలంటే రెండు మూడు సార్లు, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా వేయాలి. ఒక్క చోట ఆనించి మిగతా అంచు వదిలేస్తే మచ్చ మిగిలిపోతుంది. ప్రోబ్ యోని గోడకు తగిలితే కాలుతుంది; స్పెక్యులమ్‌కు తొడిగిన కండోమ్‌కు తగిలితే అది కరిగి అంటుకుంటుంది. అందుకే చికిత్సకు కండోమ్ తీసేసి, పక్క గోడలను ఆపే సైడ్‌వాల్ రిట్రాక్టర్ వాడాం.

యంత్రం మొండికేసినవన్నీ బ్యాటరీ వల్లే. ఎండలో ఆపిన జీపులో వదిలేసిన బ్యాటరీ వేడెక్కి, ప్రోబ్ మధ్యలో చల్లబడేది. 20 సెకన్లు పూర్తయినట్టు మనం లెక్కపెడతాం, వేడి మాత్రం సగమే చేరి ఉంటుంది. ఇప్పుడు రెండు బ్యాటరీలు, రెండూ రాత్రి పూర్తిగా చార్జి చేసి నీడలో ప్రయాణం. ప్రతి మనిషికీ ముందు ప్రోబ్‌ను తడి గాజుగుడ్డ మీద ఆనించి చూస్తాం. చుర్రుమని ఆవిరి రాకపోతే ఆ రోజు చికిత్స లేదు.

ఒక రోజులో ఎంతమందిని చూడగలం అన్నది డాక్టర్ వేగాన్ని బట్టి కాక స్పెక్యులమ్‌ల లెక్కను బట్టి తేలుతుంది. 30 మందిని పిలిస్తే స్టెరిలైజ్ చేసిన స్పెక్యులమ్‌లు 35 ఉండాలి. ఎక్కువ భాగం మీడియం, నాలుగైదు చిన్నవి, నాలుగైదు పెద్దవి. వాడినవాటిని అక్కడే సబ్బు నీళ్లలో బ్రష్‌తో కడిగి పెట్టెలో వేసి, పీహెచ్‌సీలో ఆటోక్లేవ్ చేస్తారు. కరెంటు పోయిన రోజున కడిగాక 20 నిమిషాలు మరిగిస్తే పని నడుస్తుంది. అబ్లేషన్ ప్రోబ్‌లు కనీసం మూడు ఉండాలి, లేకపోతే మూడో మనిషి దగ్గర వరుస ఆగిపోతుంది.

చీటీ, ముందు మాట

చికిత్స గదిలోకి వచ్చినా మొదట్లో చాలామంది “ఇంట్ల అడిగి చెప్త” అని లేచి వెళ్లిపోయారు. పరీక్ష అయ్యాక, మంచం మీద పడుకున్న మనిషికి చికిత్స గురించి చెప్పడం అప్పటికే ఆలస్యం. ఆపైన నాలుగు వారాలు భర్తకు దూరంగా ఉండాలి, లేదా కండోమ్ వాడాలి. ఆ మాట ఇంట్లో ముందుగా పడకపోతే ఆమె ఒప్పుకున్నా పాటించలేదు. అందుకే ఆశా క్యాంపుకు వారం ముందే ఇంటికి వెళ్లి, ఆమె ఇష్టం తెలుసుకుని, ఆమె సరేనంటే అత్త, భర్త ఉన్నప్పుడే చెబుతుంది. మచ్చ కనిపించాక ఏఎన్‌ఎం చెప్పే మాట అందరికీ ఒకటే: “అక్కా, ఇది క్యాన్సర్ కాదు. గర్భసంచి ముఖం మీద పొర కొంచెం మారింది. ఇక్కడనే ఒక్క నిమిషం వేడి తగిలిస్తే పోతది. గర్భసంచి తీసెయ్యాల్సిన పని లేదు.” ఆఖరి వాక్యం తప్పనిసరి.

చీటీ తెలుగులోకి మారింది. ఏం కనిపించింది, ఏ చికిత్స చేశాం, ఏ తేదీన మళ్లీ రావాలి, బయాప్సీ రిపోర్టు లేకుండా గర్భసంచి ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు, కింద ఏఎన్‌ఎం ఫోన్ నంబరు. వెనక పక్క ప్రమాద గుర్తులు: జ్వరం, దుర్వాసనతో చీము, గడ్డలుగా రక్తం, తట్టుకోలేని పొత్తికడుపు నొప్పి. నీళ్లలాంటి తెల్లబట్ట నెల వరకు రావచ్చని పెద్ద అక్షరాలతో రాశాం. ఆ ఒక్క సంగతి తెలియకే కొందరు భయపడి మళ్లీ ఆర్‌ఎంపీ దగ్గరికి పరిగెత్తారు. ఆర్‌ఎంపీలను కూడా పీహెచ్‌సీకి పిలిచి అదే చీటీ చూపించాం. అందరూ మారలేదు. కానీ చీటీ చదివి ఏఎన్‌ఎంకు ఫోన్ చేసేవాళ్లు తయారయ్యారు.

హెచ్‌పీవీ స్వీయ నమూనా

వీఐఏతో తీరని సమస్య ఒకటుంది. ముట్లు ఆగిపోయాక పొరలు కలిసే గీత లోపలి కాలువలోకి జరిగిపోతుంది. ఎంత మంచి లైటు పెట్టినా 50 దాటినవాళ్లలో చాలామందిలో అది కనిపించదు. నెగెటివ్ అని రాయడం అబద్ధం అవుతుంది. దానికి తోడు, పరీక్ష మంచం ఎక్కడానికే ఇష్టపడనివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

మహారాష్ట్ర ఉస్మానాబాద్‌లో ఒకే ఒక్క హెచ్‌పీవీ పరీక్ష వల్ల ముదిరిన క్యాన్సర్లు, మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లోనే తెలిసింది. 2021 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌పీవీ పరీక్షనే మొదట చేయమంటోంది, ఆడవాళ్లు తామే తీసుకునే నమూనానూ ఒప్పుకుంది. టీబీ పరీక్షల కోసం వచ్చిన ట్రూనాట్ యంత్రాల మీదే హెచ్‌పీవీ చిప్‌లూ నడుస్తాయి. యంత్రం బ్యాటరీతో పనిచేస్తుంది, ఒక పరీక్షకు గంట పైచిలుకు పడుతుంది. ఒకేసారి ఎన్ని పెట్టవచ్చో మోడల్‌ను బట్టి ఒకటి, రెండు లేదా నాలుగు. టీబీ శాంపిళ్లకే మొదటి హక్కు. కాబట్టి అక్కడికక్కడే రిజల్టు ఇస్తామన్న ఆశ వదులుకున్నాం. ఒక వారం నమూనాలు, తర్వాతి వారం రిజల్టులు, పాజిటివ్ వాళ్లకు మాత్రమే ఒక చికిత్స రోజు. దీంతో స్పెక్యులమ్ పరీక్ష అవసరమయ్యేవాళ్లు కొద్దిమందికి తగ్గారు, డాక్టర్ సమయమంతా వాళ్లకే దక్కింది. వాడే చిప్ ఎన్ని రకాల వైరస్‌లను పట్టుకుంటుందో ముందే చూసుకోవాలి. మొదట వచ్చిన చిప్ 16, 18, 31, 45 రకాలనే చూసేది. క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి 16, 18 రకాలే కారణం కాబట్టి అదీ ఉపయోగమే. కానీ నెగెటివ్ వచ్చినవాళ్లకు ఇక ఎప్పుడూ పరీక్ష అక్కర్లేదని చెప్పకూడదు.

నమూనా తీసుకోవడం ఆశా పిడికిలి బిగించి చూపిస్తుంది: బ్రష్‌ను మెల్లగా వేలు పొడవంత లోపలికి పోనిచ్చి, మూడు నుంచి ఐదు చుట్లు తిప్పి, బయటికి తీసి ట్యూబులో వేసి మూత బిగించాలి. ముట్టు రోజుల్లో వద్దు. “కడుపులకు పోతదా?” అన్నది అందరూ అడిగే ప్రశ్న. పోదు, అక్కడ గోడ ఉంది అని పిడికిలి అడుగున వేలు ఆనించి చూపాలి.

“మా మీద ప్రయోగం చేస్తున్నరా?” అన్నది రెండో ప్రశ్న. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేసిన ప్రాజెక్టు, సమ్మతి తీసుకున్న తీరు మీద వచ్చిన వివాదంతో 2010లో ఆగిపోయింది. ఆ జ్ఞాపకం ఈ పల్లెల్లో ఇంకా ఉంది. నమూనా ఎక్కడికి వెళ్తుంది, దాంతో ఏం చూస్తారు, తర్వాత ఏం చేస్తారు అన్నది తెలుగులో చదివి వినిపించి, వద్దంటే ఆమె గర్భిణీ (ఏఎన్‌సీ) కార్డుకో, పింఛనుకో ఏ ఇబ్బందీ రాదని స్పష్టంగా చెప్పాకే వేలిముద్ర.

ఇంకా మిగిలిన చిక్కు హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చి, గీత కనిపించని పెద్దవాళ్లది. వాళ్లకు అబ్లేషన్ పనికిరాదు, లోపలి కాలువ నుంచి నమూనా, అవసరమైతే లెట్జ్ (కరెంటు తీగతో మారిన పొరను కోసి తీయడం) కావాలి, అవి జిల్లా ఆసుపత్రిలోనే. వీళ్లకు మాత్రం పాత పద్ధతే: వాహనం, తోడు, ముందే ఫోన్. సంఖ్య తక్కువ కావడంతో ఇప్పుడు అది సాగుతోంది.

రిజిస్టరు

పాత రిజిస్టరులో పాజిటివ్, రిఫర్ చేశాం అన్న గడులు మాత్రమే ఉండేవి. కొత్తదానిలో ఒక్కో పాజిటివ్‌కు ఒక పేజీ. చికిత్స తేదీ, ఎన్ని సార్లు ప్రోబ్ ఆనించారు, ఫొటో కోడ్, నాలుగో వారం ఫోన్, పన్నెండో నెలలో మళ్లీ పరీక్ష, గర్భసంచి ఆపరేషన్ జరిగిందా. పన్నెండో నెల గడి ఖాళీగా ఉన్న పేజీ మూయరు. పత్తి తీత నెలల్లో ఆ తేదీ పడితే దాన్ని ఉగాది దాటాక వచ్చే వారానికి జరుపుతారు, వదిలేయరు.

ఆఖరి గడి నింపేటప్పుడు ఆపరేషన్ అయిందని తెలిస్తే ఆశా ఇంట్లో డిశ్చార్జి కాగితం అడిగి చూస్తుంది. ముఖద్వారం కూడా తీశారా, మిగిల్చారా అన్నది ముందు తెలియాలి. మిగిల్చి ఉంటే ఆమె స్క్రీనింగ్ జాబితాలోనే ఉండాలి. మొత్తం తీసి, బయాప్సీ రిపోర్టులో మామూలు జబ్బే అని ఉంటే జాబితా నుంచి తీసేయవచ్చు. రిపోర్టే లేకపోతే ఆమెను గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లి, కుట్లు పడిన పైభాగం చూపించి, అక్కడి కణాల నమూనా (వాల్ట్ స్మియర్) తీయిస్తాం. అండాశయాలు తీసేశారని ఉంటే బీపీ, షుగరు, ఎముకల బలం పరీక్షలకు విడిగా పేరు రాస్తాం. ఈ కేసులో మొదట చెప్పుకున్నామె పేరు ఇప్పుడు ఆ రెండు జాబితాల్లోనూ ఉంది.